కరెంటు స్తంభం ఎవరిది? సిరిసిల్ల విద్యుత్ సహకార సంఘం కథ

మనలో చాలామందికి మూడు నాలుగేళ్లకోసారి ఊరు మారడం అలవాటే. అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు వస్తుంది. సామాను లారీ ఎక్కుతుంది. బడిలో టీసీ తీసుకుంటాం. కొత్త క్వార్టర్‌లో దిగగానే పెద్దవాళ్లు ముందుగా చూసేవాటిలో కరెంటు మీటరు ఒకటి. రీడింగు ఎంత ఉంది, పాత బాకీ ఏమైనా ఉందా అని కాగితం మీద రాసుకుంటారు. నెల తిరిగేసరికి బిల్లు వస్తుంది.

ఊరు మారితే ఆ బిల్లు మీది పేరు కూడా మారుతుంది. దూరం పోనక్కర్లేదు, మనం ఉంటున్న ఈ రాజధాని ప్రాంతమే చూడండి. దక్షిణ ఢిల్లీలో బిల్లు మీద బీఎస్ఈఎస్ రాజధాని అని ఉంటుంది. యమున అవతల బీఎస్ఈఎస్ యమున. ఉత్తర ఢిల్లీలో టాటా పవర్. మంత్రిత్వ శాఖల కార్యాలయాలుండే న్యూఢిల్లీలో ఎన్‌డీఎంసీ. గురుగ్రామ్, ఫరీదాబాద్ వెళ్తే దక్షిణ హర్యానా బిజ్లీ వితరణ్ నిగమ్. ఘాజియాబాద్, నోయిడాలో పశ్చిమాంచల్ విద్యుత్ వితరణ్ నిగమ్. గ్రేటర్ నోయిడాలో నోయిడా పవర్ కంపెనీ.

ఇన్ని పేర్లున్నా యజమానులు రెండు రకాలే. కొన్ని ప్రభుత్వ సంస్థలు. కొన్ని ప్రైవేటు వాళ్ల చేతిలో ఉన్న కంపెనీలు. ఢిల్లీలో 2002లో విద్యుత్ బోర్డును విడదీసినప్పుడు పంపిణీ కంపెనీల్లో 51 శాతం వాటా ప్రైవేటు సంస్థలకు వెళ్లింది, 49 శాతం ఢిల్లీ ప్రభుత్వం దగ్గర ఉంది. ఏ రకమైనా అక్కడ మన స్థానం ఒక్కటే. మనం వినియోగదారులం. కరెంటు వాడుకుంటాం, బిల్లు కడతాం.

మూడో రకం యజమాని కూడా ఉంటాడా? కరెంటు వాడుకునేవాళ్లే స్తంభాలకూ తీగలకూ యజమానులు కావచ్చా? కావచ్చు. తెలంగాణలోని సిరిసిల్లలో 1970 నుంచి అలాంటి సంస్థ ఒకటి నడుస్తోంది. దాని పేరు సహకార విద్యుత్ సరఫరా సంఘం. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపి అక్కడివాళ్లు దాన్ని 'సెస్' అంటారు. బిల్లుల మీద వేసే సెస్సు పన్నుకూ దీనికీ సంబంధం లేదు. ఈ సంఘం ఎలా పుట్టింది, ఎలా నిలిచింది, దాని సాటి సంఘాలు ఎందుకు నిలవలేదు అన్నది ఈ పాఠంలో చదువుదాం.

తీగ ఊరిదాకా ఎందుకు రాలేదు?

1947లో మన దేశంలో కరెంటు ఉన్న గ్రామాలు దాదాపు 1,500. మొత్తం గ్రామాలు ఐదు లక్షలకు పైనే. అంటే మూడు వందల ఊళ్లకు ఒక ఊళ్లో కూడా దీపం వెలగలేదు. అప్పటికే కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీ నగరాల్లో కరెంటు దీపాలు వచ్చి దశాబ్దాలు గడిచాయి. మరి ఊళ్లకు ఎందుకు రాలేదు?

దీనికి జవాబు ఒక చిన్న లెక్కలో ఉంది. ఒక కిలోమీటరు కరెంటు లైను వేయడానికి లక్ష రూపాయలు అవుతుందనుకుందాం. ఇది లెక్క కోసం తీసుకున్న అంకె మాత్రమే. పట్నంలో ఆ కిలోమీటరు పొడవునా వంద ఇళ్లుంటే ఇంటికి పడే ఖర్చు 1,000 రూపాయలు. పల్లెలో పొలాల మధ్య అదే కిలోమీటరుకు నాలుగు ఇళ్లుంటే ఇంటికి 25,000. పైగా పట్నంలో దుకాణాలు, కార్ఖానాలు రోజంతా కరెంటు వాడతాయి. పల్లెలో రెండు బల్బులు రాత్రి మూడు గంటలు వెలుగుతాయి. లాభం చూసుకునే కంపెనీ ఏ వైపు తీగ లాగుతుందో చెప్పనక్కర్లేదు.

ఈ చిక్కు మన దేశానిది మాత్రమే కాదు. 1930ల మధ్యలో అమెరికా పట్టణాల్లో పది ఇళ్లకు తొమ్మిదింటిలో కరెంటు ఉంటే, వ్యవసాయ క్షేత్రాల్లో పదింటికి ఒక్కదానిలోనే ఉండేది. రైతులు లాంతరు వెలుగులో పాలు పితికేవారు, బావి నీళ్లు చేతులతో తోడేవారు. 1935 మే నెలలో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ కోసం ఒక ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేశారు. మరుసటి ఏడాది దానికి చట్టం వచ్చింది. ప్రభుత్వం తక్కువ వడ్డీకి అప్పు ఇస్తుంది, తీగలు మీరే వేసుకోండి అన్నది ఆ పద్ధతి. కంపెనీలు పెద్దగా ముందుకు రాలేదు. రైతులు వచ్చారు. ఊరూరా తిరిగి మనిషికి ఐదు డాలర్ల చొప్పున సభ్యత్వం వసూలు చేసి సహకార సంఘాలు పెట్టుకున్నారు. 1950ల మొదటి సంవత్సరాలకల్లా అక్కడ పది క్షేత్రాల్లో తొమ్మిదింటికి కరెంటు వచ్చేసింది.

సహకారం అంటే ఏమిటి?

ముందుకు వెళ్లే ముందు సహకార సంఘం అనే మాట అర్థం చేసుకుందాం. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ అనే ఊళ్లో 28 మంది కలిసి ఒక దుకాణం పెట్టారు. వాళ్లలో నేతపనివాళ్లు ఉన్నారు. బయటి అంగడిలో పిండి, వెన్న కల్తీగా, ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. అందుకే తలా కొంత డబ్బు వేసుకుని సొంత అంగడి తెరిచారు. సరుకు కొనేవాళ్లే అంగడికి యజమానులు. ఎవరు ఎంత డబ్బు పెట్టినా ఓటు మాత్రం మనిషికి ఒక్కటే. మిగిలిన లాభం కొన్నదాన్ని బట్టి పంచుకోవడం. ఆ నియమాలే నేటికీ ప్రపంచంలోని సహకార సంఘాలకు పునాది.

కంపెనీకీ సహకార సంఘానికీ అసలు తేడా ఓటులోనే ఉంది. కంపెనీలో వంద వాటాలున్నవాడికి వంద ఓట్లు. సంఘంలో వంద వాటాలున్న ఆసామికీ, ఒక్క వాటా ఉన్న కూలికీ ఒక్కొక్క ఓటే.

ఇది మనకు కొత్త విషయం కూడా కాదు. ప్రభుత్వ కాలనీల్లో మనం పప్పు, ఉప్పు, నోటుబుక్కులు కొనే కేంద్రీయ భండార్ 1963లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కోసం పెట్టిన వినియోగదారుల సహకార సంఘమే. గుజరాత్ పాడిరైతుల అమూల్ కూడా సహకార సంఘాల సంస్థే. ద్వారకలో, రోహిణిలో, పట్‌పర్‌గంజ్‌లో గేటు మీద 'సహకార గృహ నిర్మాణ సంఘం' అని రాసి ఉన్న అపార్టుమెంట్లు మనం చూస్తూనే ఉంటాం.

గోధుమలు తీగలైన కథ

1965 నుంచి 1967 వరకు మన దేశంలో వరసగా కరువులు వచ్చాయి. బిహార్‌లో పరిస్థితి మరీ ఘోరంగా ఉండింది. వాన మీద ఆధారపడితే తిండి దొరకదని తేలిపోయింది. భూమి లోపల నీళ్లున్నాయి, వాటిని పైకి తోడాలి. ఎద్దులతో మోట కొడితే రోజంతా తడిసేది కొద్దిపాటి చెలక. కరెంటు మోటారు పెడితే ఆ నీళ్లు కొద్ది గంటల్లో వస్తాయి. ఊరికి కరెంటు అంటే అంతదాకా వీధి దీపం అనుకునేవారు. కరువు తర్వాత అది బావి మోటారు అయింది.

ఆ రోజుల్లో రిజర్వు బ్యాంకు గ్రామీణ పరపతిని సమీక్షించడానికి ఒక సంఘాన్ని నియమించింది. దాని అధ్యక్షుడు బి. వెంకటప్పయ్య. అంతకు ముందు ఆయన స్టేట్ బ్యాంకుకు ఛైర్మన్‌గా పనిచేశారు. గ్రామాల విద్యుదీకరణకు అప్పులిచ్చే ప్రత్యేక సంస్థ కావాలని ఆ సంఘం సూచించింది. అలా 1969 జులై 25న ఢిల్లీలో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టింది. అందరూ దాన్ని 'ఆర్ఈసీ' అంటారు. ఇప్పుడు దాని ప్రధాన కార్యాలయం గురుగ్రామ్ సెక్టార్ 29లో ఉంది. మనలో కొందరి బడి బస్సు ఆ చుట్టుపక్కల నుంచే వెళ్తుంది.

అప్పు ఇవ్వడానికి డబ్బు ఎక్కడిది? ఇక్కడే గోధుమల కథ వస్తుంది. ఆ కరువు కాలంలో మన దేశం అమెరికా నుంచి పీఎల్ 480 అనే చట్టం కింద గోధుమలు తెచ్చుకుంది. వాటికి డాలర్లలో కాకుండా రూపాయల్లో చెల్లించింది. ఆ రూపాయలు అమెరికా పేరు మీద మన దేశంలోనే పోగుపడ్డాయి. వాటిలో కొంత ఆర్ఈసీకి పెట్టుబడిగా వచ్చింది. ఒక చేత్తో తిన్న గోధుమల విలువ మరో చేత్తో అల్యూమినియం తీగగా, సిమెంటు స్తంభంగా పల్లెలకు చేరింది.

డబ్బుతో పాటు అమెరికాలోని గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల జాతీయ సమాఖ్య నుంచి నిపుణులు కూడా వచ్చారు. తమ దేశంలో రైతులు చేసింది ఇక్కడ కూడా చేసి చూద్దామని అయిదు చోట్ల ప్రయోగం మొదలుపెట్టారు. కర్ణాటకలో హుక్కేరి, మహారాష్ట్రలో ముళా ప్రవర, గుజరాత్‌లో కోడినార్, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సిరిసిల్ల.

మానేరు ఒడ్డున

సిరిసిల్ల మానేరు ఒడ్డున ఉన్న ఊరు. అప్పుడు కరీంనగర్ జిల్లాలో తాలూకా కేంద్రం. 2016 అక్టోబరులో రాజన్న సిరిసిల్ల పేరుతో అదే జిల్లా అయింది. పక్కనే వేములవాడ రాజరాజేశ్వరస్వామి గుడి ఉండటంతో జిల్లాకు రాజన్న పేరు వచ్చింది. వాన తక్కువ, మెట్ట నేల ఎక్కువ. చెరువు నిండితే వరి, లేకపోతే బావే దిక్కు. పట్టణంలో మాత్రం వేరే బతుకు. అక్కడ పద్మశాలీల మగ్గాలు. చేతి మగ్గాల స్థానంలోకి క్రమంగా మరమగ్గాలు వచ్చాయి. వాటిని అక్కడివాళ్లు సాంచాలు అంటారు. ఏ వీధిలోకి వెళ్లినా సాంచాల చప్పుడే వినిపిస్తుంది.

పల్లెలో బావికి కరెంటు కావాలి, పట్టణంలో సాంచాకు కరెంటు కావాలి. ఈ రెండు అవసరాల మధ్య 1970లో సెస్ పని మొదలుపెట్టింది. వాటా డబ్బు కట్టి ఊళ్లవాళ్లు సభ్యులయ్యారు. ఆర్ఈసీ అప్పు ఇచ్చింది. ఆ ప్రాంతంలో విద్యుత్ బోర్డు చేసే పంపిణీ పని సంఘం చేతికి వచ్చింది. స్తంభాలు పాతడం, ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టడం, మీటర్లు బిగించడం, బిల్లులు వసూలు చేయడం, గాలివానకు తీగ తెగితే లైన్‌మన్‌ను పంపడం, అన్నీ సంఘం పనులే. నేడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో రెండు వందలకు పైగా గ్రామాలు దాని పరిధిలో ఉన్నాయి.

ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. సెస్ కరెంటు తయారు చేయదు, కొని పంచుతుంది. మొదట్లో రాష్ట్ర విద్యుత్ బోర్డు దగ్గర కొనేది. ఇప్పుడు వరంగల్ కేంద్రంగా ఉన్న ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర కొంటోంది. కరెంటు 33 వేల వోల్టులతో సబ్‌స్టేషన్‌కు వస్తుంది. అక్కడ 11 వేలకు తగ్గి ఊరి వైపు వెళ్తుంది. ఊళ్లోని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మళ్లీ తగ్గి 230 వోల్టులతో ఇంట్లోకి వస్తుంది. కొన్న యూనిట్లన్నీ ఇంటి మీటరు దాకా రావు. తీగ వేడెక్కి కొంత పోతుంది. కొక్కెం తగిలించి దొంగతనంగా వాడుకుంటే ఇంకొంత పోతుంది.

ఇక్కడ ఇంకో లెక్క చేద్దాం. సంఘం 100 యూనిట్లు యూనిట్ 5 రూపాయల చొప్పున కొన్నదనుకుందాం. ఖర్చు 500 రూపాయలు. 90 యూనిట్లు మీటర్లకు చేరితే, కొన్న డబ్బు తిరిగి రావడానికే యూనిట్‌కు 5 రూపాయల 56 పైసలు వసూలు చేయాలి. 75 యూనిట్లే చేరితే 6 రూపాయల 67 పైసలు కావాలి. ఉద్యోగుల జీతాలు, అప్పు మీద వడ్డీ దీనికి అదనం. దొంగ కొక్కెం వేసినవాడు కంపెనీకి నష్టం చేస్తున్నాననుకుంటాడు. సహకార సంఘంలో అతను పక్కింటివాళ్ల జేబులోంచి, తన జేబులోంచి కూడా తీస్తున్నాడు. ఈ సంగతి అందరికీ తెలిసిన ఊళ్లో సంఘం నిలుస్తుంది. తెలియని ఊళ్లో మునుగుతుంది.

యజమాని అయితే ఏమిటి లాభం?

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందనుకోండి. నారు పోసిన పొలానికి నాలుగు రోజులు నీళ్లు లేకపోతే ఎండిపోతుంది. సాంచా మీద నేసేవాళ్లకు కూలి మీటర్ల లెక్కన వస్తుంది. కరెంటు పోయిన గంటకు కూలి లేదు. ఇలాంటప్పుడు ఎవరిని అడగాలి? పెద్ద సంస్థలో నిర్ణయం తీసుకునే అధికారి దూరాన ఉంటారు, రెండు మూడేళ్లకు బదిలీ అయి వెళ్తారు. మన ఇళ్లలోనూ అలాంటి ఉద్యోగులే కదా, అందులో తప్పేం లేదు. సెస్‌లో నిర్ణయం తీసుకునేది పాలకవర్గం. దాని డైరెక్టర్లు ఆ మండలాలవాళ్లే. వాళ్లను సభ్యులే ఎన్నుకుంటారు. తాను ఓటు వేసిన మనిషిని సంతలోనో, పెళ్లిలోనో పట్టుకుని "ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడొస్తది?" అని అడగవచ్చు. ఏటా జరిగే సర్వసభ్య సమావేశంలో లేచి లెక్కలు అడగవచ్చు. ఇదే అసలు లాభం.

అయితే యజమానికి ఇష్టం వచ్చినట్టు ధర పెట్టుకునే వీలు లేదు. కరెంటు ధరలు నిర్ణయించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. సెస్ ఎంతకు కొనాలో కూడా అదే చెబుతుంది. పల్లె సంఘానికి పెద్ద ఫ్యాక్టరీల నుంచి వచ్చే ఆదాయం తక్కువ కాబట్టి, దానికి అమ్మే ధర ఎంత ఉండాలన్నది ప్రతిసారీ ముఖ్యమైన ప్రశ్న. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. రైతుకు మేలు జరిగింది. సంఘానికి మాత్రం బావి మోటారు నుంచి వచ్చే బిల్లు ఆగిపోయింది. మరమగ్గాలకు కూడా ప్రభుత్వం రాయితీ ధర ఇచ్చింది. ఆ లోటు ప్రభుత్వం పూడ్చాలి. అంటే సంఘం తన కాళ్ల మీద తాను నిలబడ్డ సంస్థే అయినా, ఒక చెయ్యి ప్రభుత్వం భుజం మీద ఉంచక తప్పదు.

అయిదింటిలో రెండు

1969, 1970 నాటి అయిదు సంఘాల్లో నేడు కరెంటు పంచుతున్నవి రెండే. ఒకటి హుక్కేరి, రెండోది సిరిసిల్ల. లక్నో, కోడినార్ సంఘాల పని రాష్ట్ర విద్యుత్ సంస్థల్లో కలిసిపోయింది. శ్రీరాంపూర్ ప్రాంతంలోని ముళా ప్రవర సంఘం చాలాకాలం పెద్ద సంఘంగా వెలిగింది. చెరకు పండే నేల, వేలకొద్దీ మోటార్లు. కానీ వసూలైనదానికీ, కొన్న కరెంటుకు కట్టాల్సినదానికీ మధ్య తేడా ఏటేటా పెరిగింది. రాష్ట్ర పంపిణీ సంస్థకు బకాయిలు కొండలా పేరుకున్నాయి. 2011లో ఆ ప్రాంతం పంపిణీ బాధ్యత ఆ సంస్థకే వెళ్లిపోయింది.

మన రెండు రాష్ట్రాల్లోనూ ఇదే కథ. సిరిసిల్లను చూసి అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పం, జోగిపేట, కదిరి, ఆత్మకూరు, రాయచోటి ప్రాంతాల్లో కూడా ఇలాంటి సంఘాలు పెట్టారు. చాలావరకు కొన్నేళ్లకే విద్యుత్ సంస్థలో కలిసిపోయాయి. అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పం సంఘాలు ఎక్కువకాలం నడిచాయి. తెలంగాణలో ఇప్పుడున్నది సిరిసిల్ల ఒక్కటే.

అంటే ఈ పద్ధతే పనికిరాదా? సరిహద్దు దాటి చూద్దాం. బంగ్లాదేశ్‌లో 1977లో గ్రామీణ విద్యుదీకరణ బోర్డు పెట్టి, అమెరికా నిపుణుల సాయంతోనే సంఘాలు మొదలుపెట్టారు. వాటిని పల్లీ విద్యుత్ సమితులు అంటారు. ఈనాడు అలాంటివి 80 ఉన్నాయి. ఆ దేశపు పల్లెల్లో చాలావరకు కరెంటు ఇచ్చేది అవే. అక్కడ అన్ని సమితుల లెక్కలూ చూసే, పనితీరుకు లక్ష్యాలు పెట్టే బలమైన బోర్డు పైన ఉండింది. మన దగ్గర ఒక్కో సంఘం ఒక్కో రాష్ట్రంలో ఒంటరిగా మిగిలింది. చుట్టూ రాష్ట్ర విద్యుత్ సంస్థ, మధ్యలో చిన్న ద్వీపంలా సంఘం. కొనేదీ ఆ సంస్థ దగ్గరే, పోటీ కూడా ఆ సంస్థతోనే.

సిరిసిల్ల ముందున్న ప్రశ్నలు

సెస్ కథ అంతా మంచే అని చెబితే అది పాఠం కాదు, పొగడ్త అవుతుంది. ఓటు ఉన్నచోట రాజకీయం కూడా వస్తుంది. 2022 డిసెంబరులో సెస్ 15 డైరెక్టర్ల పదవులకు ఎన్నికలు జరిగాయి. ఎనభై వేలకు పైగా ఓటర్లు. పార్టీలు శాసనసభ ఎన్నికలంత పట్టుదలగా పోటీ చేశాయి, పత్రికల్లో రోజూ వార్తలు వచ్చాయి. ఒక కరెంటు సంఘం ఎన్నిక కోసం జనం అంత పట్టించుకోవడం మంచిదే. కానీ గెలిచినవారు లైన్ల నష్టం గురించి ఆలోచించాలా, పార్టీ గురించి ఆలోచించాలా?

ఇంకో ప్రశ్న సభ్యత్వానిది. మీటరున్న ప్రతివారికీ ఓటు లేదు. వాటా తీసుకుని సభ్యులైనవారికే ఉంది. వాళ్లకంటే కనెక్షన్లు చాలా ఎక్కువ. యజమానులు తక్కువ, వినియోగదారులు ఎక్కువ అయితే సంఘం మెల్లగా కంపెనీలా మారిపోతుంది. కొత్త తరాన్ని సభ్యులుగా చేర్చుకుంటేనే అది సహకార సంఘంగా మిగులుతుంది.

మూడోది, కలిపేయాలా వద్దా అన్న వాదన. కలిపేద్దాం అనేవారి మాట ఇది: పెద్ద సంస్థకు డబ్బు, నిపుణులు, కొత్త యంత్రాలు ఉంటాయి. చిన్న సంఘంలో లెక్కల తనిఖీ గట్టిగా ఉండదు, నష్టాలు చివరకు ప్రభుత్వం మీదే పడతాయి. వద్దు అనేవారి మాట ఇది: మా తాతలు వాటా కట్టి వేసుకున్న తీగలివి. దూరపు ఆఫీసుకు మా సాంచా ఆగితే ఏం తెలుస్తుంది? ఉన్న సంఘాన్ని సరిదిద్దండి, తీసేయకండి. రెండు వైపులా నిజం ఉంది. ఏ వైపు బరువు ఎక్కువో సభ్యుల ప్రవర్తనే తేలుస్తుంది. బిల్లు కట్టి, సమావేశానికి వెళ్లి, లెక్క అడిగే సభ్యులుంటే రెండో వాదన గెలుస్తుంది. ఐదేళ్లకోసారి ఓటు వేసి మర్చిపోయే సభ్యులుంటే మొదటిది గెలుస్తుంది.

మనకు ఇందులో ఏముంది?

2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్ గ్రామానికి కరెంటు చేరడంతో దేశంలో అన్ని గ్రామాలకూ విద్యుత్తు అందిందని ప్రభుత్వం ప్రకటించింది. అయితే ఒక ఊళ్లో పదింట ఒక వంతు ఇళ్లకూ, బడి, పంచాయతీ ఆఫీసు వంటి చోట్లకూ కరెంటు ఉంటే ఆ ఊరిని విద్యుదీకరించిన గ్రామంగా లెక్కిస్తారు. మిగిలిన ఇళ్ల కోసం సౌభాగ్య పథకం నడిచింది. తీగ ఊరికి చేరడం ఒక మెట్టు. అది వెలుగుతూ ఉండటం రెండో మెట్టు. సిరిసిల్లవాళ్లు యాభై ఏళ్లకు పైగా చేస్తున్నది ఆ రెండో పని.

మనం ఎక్కడా ఎక్కువకాలం ఉండం. ఏ ఊళ్లో ఏ స్తంభం ఎవరిదో పట్టించుకునే తీరిక మనకు ఉండదు. క్వార్టరు ప్రభుత్వానిది, మీటరు కంపెనీది, మనం బిల్లు కట్టి వెళ్లిపోయేవాళ్లం అనుకుంటాం. కాలనీలో వీధి దీపం ఆరిపోతే వచ్చే బదిలీ దాకా చీకట్లోనే నడుస్తాం. కానీ ఉన్న మూడేళ్లయినా ఆ వీధి మనదే. మానేరు ఒడ్డున ఒక నేతన్న, ఒక రైతు కలిసి "ఈ తీగ మాది" అని ఒక కాగితం మీద సంతకం పెట్టి, ఆ మాట నిలబెట్టుకోవడానికి బిల్లులు కట్టి, సమావేశాలకు వెళ్లారు. వీధి దీపం గురించి ఒక ఫిర్యాదు రాయడానికి మనకు పది నిమిషాలు చాలు. ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు అమ్మమ్మనో తాతయ్యనో అడుగుదాం: మన ఊరికి కరెంటు ఏ ఏడాది వచ్చింది? మొదటి స్తంభం ఎక్కడ పాతారు? అప్పటిదాకా నీళ్లు ఎలా తోడేవారు? వాళ్ల దగ్గర ఈ పాఠంలో లేని విషయాలెన్నో దొరుకుతాయి.

మాటలు, అర్థాలు

మోట: ఎద్దులతో బావి నీళ్లు తోడే తోలు బాన
చెలక: వానాధారపు మెట్ట పొలం
సాంచా: మరమగ్గానికి సిరిసిల్ల ప్రాంతంలో వాడే పేరు
పాలకవర్గం: సంఘాన్ని నడపడానికి సభ్యులు ఎన్నుకున్నవారి బృందం
సర్వసభ్య సమావేశం: సభ్యులందరూ కూర్చుని లెక్కలు చూసే సభ
బకాయి: కట్టాల్సి ఉండి కట్టని సొమ్ము
రాయితీ: ప్రభుత్వం తగ్గించి ఇచ్చే ధర

ఆలోచిద్దాం, చేద్దాం

1. మీ ఇంటి కరెంటు బిల్లు చూసి పంపిణీ సంస్థ పేరు రాయండి. అది ప్రభుత్వానిదా, ప్రైవేటుదా? ఇంతకు ముందు ఉన్న ఊళ్లో ఏ సంస్థ ఉండేది?
2. సంఘం 200 యూనిట్లు యూనిట్ 5 రూపాయల చొప్పున కొన్నది. 160 యూనిట్లే మీటర్లకు చేరాయి. కొన్న డబ్బు తిరిగి రావాలంటే యూనిట్‌కు ఎంత వసూలు చేయాలి?
3. కంపెనీలో ఓటుకూ, సహకార సంఘంలో ఓటుకూ తేడా ఏమిటి?
4. ముళా ప్రవర సంఘం పంపిణీ బాధ్యత ఎందుకు కోల్పోయింది? మూడు వాక్యాల్లో రాయండి.
5. తరగతిలో రెండు జట్లుగా విడిపోండి. సిరిసిల్ల సంఘాన్ని పెద్ద సంస్థలో కలపాలని ఒక జట్టు, కలపకూడదని ఇంకో జట్టు వాదించండి. తర్వాత జట్లు మారి మళ్లీ వాదించండి.